మెడ లోతుగా ఉన్న బట్టల్ని నిండుగా వేసుకోవడం ఎలా

కొత్త కుర్తీ కొన్నారు. రంగు నచ్చింది, నడుము కొలత సరిపోయింది, ధర కూడా అందుబాటులోనే ఉంది. తీరా ఇంటికొచ్చి వేసుకుని చూస్తే మెడ నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. కొంతమంది దాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఇంకొంతమంది వేసుకుని, రోజంతా చేత్తో మెడ దగ్గర పైకి లాక్కుంటూ తిరుగుతారు. బస్సెక్కేటప్పుడు ఒక చెయ్యి రాడ్డు మీద, ఒక చెయ్యి గుండెల మీద ఉంటుంది. ఆ అవస్థ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అరగంట సూదిపనితో తీరిపోయేదానికి రోజంతా ఇబ్బంది పడుతుంటారు.

తిరుపతిలో ఉన్నవాళ్లకి ఈ సంగతి తరచుగా ఎదురవుతుంది. పొద్దున కాలేజీకో ఆఫీసుకో వేసుకెళ్లిన బట్టల్తోనే సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి వెళ్తాం. ఊరినుంచి చుట్టాలొస్తే అనుకోకుండా కొండకి బయల్దేరతాం. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి, ఆర్జిత సేవలకి, బ్రేక్ దర్శనానికి ఆడవాళ్లు చీర గానీ, లంగా ఓణీ గానీ, చున్నీతో చుడీదార్ గానీ వేసుకోవాలని దేవస్థానం నియమం ఉంది. గేటు దగ్గర చున్నీ ఉందా లేదా అని చూస్తారు. క్యూలో గంటల తరబడి తోపులాటలో నడిచాక ఆ చున్నీ ఎక్కడుంటుందన్నది మనం చూసుకోవాల్సిన పని.

ఎంత నిండుగా ఉండాలనేది ఎవరి ఇష్టం వాళ్లది. గొంతు దాకా మూసుకోవాలనుకునే వాళ్లున్నారు, రెండు వేళ్లు పైకొస్తే చాలనుకునే వాళ్లున్నారు. నా కొలమానం ఒక్కటే: పొద్దున ఒకసారి వేసుకున్నాక సాయంత్రం దాకా చెయ్యి మెడ దగ్గరికి పోకూడదు. అందుకు ముందుగా సరిచేయాల్సింది భుజాన్ని. చాలా బట్టల్లో మెడ జారడానికి అసలు కారణం అక్కడే ఉంటుంది. అది వదిలేసి పైన ఎన్ని చున్నీలు కప్పినా, ఎన్ని పిన్నీసులు పెట్టినా నిలవదు.

ముందు వంగి చూడండి

అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ మెడైనా బాగానే కనిపిస్తుంది. మనం రోజంతా అలా నిలబడి ఉండం కదా. బట్ట వేసుకుని ఈ పనులు చేసి చూడండి: పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెడుతున్నట్టు వంగండి. బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు చేతులు పైకెత్తండి. నేల మీద కూర్చుని లేవండి. భుజానికి బ్యాగు తగిలించుకుని నాలుగడుగులు వేయండి. అలిపిరి మెట్ల మీద పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కే మొక్కు ఉందనుకోండి, ఆ 3,550 మెట్లకీ వంగుతూనే ఉండాలి. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు తల పూర్తిగా ముందుకు వంచి కూర్చోవాలి. మీరు ఎక్కడికి వెళ్తున్నారో అక్కడ ఒంటితో చేసే పనిని ఇంట్లోనే ఒకసారి చేసి చూడటమే అసలు పరీక్ష.

అలా చూసినప్పుడు లోపం ఎలాంటిదో తెలిసిపోతుంది. నిటారుగా ఉన్నప్పుడు కూడా కిందికి ఉంటే మెడ నిజంగానే లోతు. భుజం మీంచి పక్కకి జారి లోపలి స్ట్రాప్ కనిపిస్తుంటే మెడ వెడల్పు ఎక్కువ. నిలబడితే సరిగానే ఉండి, వంగగానే మెడ అంచు ఒంటికి దూరంగా వేలాడి తెరుచుకుంటుంటే అంచు వదులైంది. లోతుకి ముక్క వేయాలి, వెడల్పుకి భుజం పట్టాలి, వదులుకి అంచుని బిగించాలి. చాలామంది లోతు అనుకుని ముక్క వేయించుకుంటారు గానీ, చూస్తే వాటిలో చాలావరకు భుజం దగ్గర అరంగుళం పట్టిస్తే సరిపోయే బట్టలే.

భుజం పట్టడం

కుర్తీ వేసుకుని, రెండు భుజాల కుట్ల దగ్గర, మెడ వైపు చివర, బట్టని వేళ్లతో పైకి చిటికెడు పట్టుకోండి. మెడ ఎంత పైకొస్తుందో అద్దంలో కనిపిస్తుంది. సరిపోయిందనిపించిన చోట పిన్నీసు పెట్టి విప్పేయండి.

బట్టని తిరగేసి, భుజం కుట్టు దగ్గర మెడ పట్టీని (మెడ అంచుకి లోపల కుట్టిన బట్టని) ఒకటిన్నర అంగుళం మేర విప్పండి. ఇప్పుడు మెడ వైపు పాత కుట్టుకి అరంగుళం లోపలికి గుర్తు పెట్టి, అక్కడినుంచి చేతి అతుకు వైపు ఏటవాలుగా గీత గీయండి. చేతి అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆ గీత పాత కుట్టులో కలిసిపోవాలి. అలా చేస్తే చేతులు విప్పే పనే ఉండదు. కచ్చా కుట్టు వేసి ఒకసారి తొడుక్కుని చూసి, తర్వాత మెషిన్ మీద కుట్టండి. పట్టీని మళ్లీ మడిచి చేతికుట్టుతో బిగించండి. అరంగుళం లోపలికి కుడితే ముందు మెడా వెనక మెడా చెరో అరంగుళం పైకొస్తాయి, వెడల్పు కూడా కొంత తగ్గుతుంది.

ముప్పావు అంగుళం దాటి పట్టొద్దు. దాటితే మెడ పక్కన బట్ట ముడతలు పడుతుంది, ముందు డార్ట్ (ఛాతీ ఆకారం కోసం మొనదేలేలా కుట్టే మడత) ఉన్న బట్ట అయితే ఆ డార్ట్ మొన ఉండాల్సిన చోటికన్నా పైకి పోతుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే చేతులు విప్పి భుజం మొత్తం పట్టాలి, చంక కూడా అంతే కిందికి తవ్వాలి. అది అలవాటున్న చేతికి ఇవ్వాల్సిన పని. కుర్తీ ధరలో సగం కుట్టుకూలికే పోతుందంటే ఆ దారి వదిలేసి ముక్క వేయడమే నయం.

అంచు వదులైన మెడకి పావంగుళం వెడల్పు మెత్తని ఎలాస్టిక్ చాలు. మెడ కింది వంపు కొలిచి, దానికన్నా ఒక అంగుళం తక్కువ ఎలాస్టిక్ తీసుకుని, కొద్దిగా సాగదీస్తూ లోపలి పట్టీకి మాత్రమే కుట్టండి. ఎలాస్టిక్ లేకపోతే పట్టీ అంచున చేత్తో చిన్న చిన్న కుట్లు వేసి, దారాన్ని కొంచెం లాగి ముడెయ్యండి. పైకి కుచ్చు కనిపించనంత మాత్రమే లాగాలి. ప్లాస్టిక్ లాగా మెరిసే పారదర్శకమైన ఎలాస్టిక్ మాత్రం వాడకండి, మన ఎండల్లో చెమటకి అది చర్మాన్ని ఒరిసేస్తుంది.

మెడలో ముక్క వేయడం

అసలు లోతు మెడకి మందు ఇదే. ముక్కని శాశ్వతంగా కుట్టేయకుండా టిచ్ బటన్లతో పెట్టుకునేలా చేయమని నా సలహా. పెళ్లికి ఒకలా, గుడికి ఒకలా వేసుకోవచ్చు. ఉతికేటప్పుడు తీసేయొచ్చు. అదే లోతు ఉన్న ఇంకో కుర్తీకీ పనికొస్తుంది.

ముక్కకి బట్ట ఎక్కడిదంటే, రెడీమేడ్ కుర్తీల్లో చేతులు లేనివి కొన్నప్పుడు లోపల రెండు చేతి ముక్కలు టాకా వేసి ఇస్తారు. మీకు చేతులు అవసరం లేకపోతే ఆ రెండు ముక్కలూ మెడకి చక్కగా సరిపోతాయి. అదే బట్ట, అదే రంగు, మెడ అలాగే కుట్టి వచ్చిందనిపిస్తుంది. చేతులు కావాలంటే వాడేసుకోండి, మెడకి వేరే రంగు వేయొచ్చు. చుడీదార్ సెట్టయితే ప్యాంటు రంగు బాగా కుదురుతుంది. గాంధీ రోడ్డు చుట్టుపక్కల మ్యాచింగ్ సెంటర్లలో కుర్తీ చూపిస్తే రవికలకి వాడే టూ బై టూ బట్ట అదే రంగులో పావు మీటరు కోసి ఇస్తారు. కొన్నది ఏదైనా ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. నూలు బట్ట మొదటి ఉతుకులో కుదించుకుపోతే, ముక్క మెడని లోపలికి లాగేస్తుంది.

కొలత తీయడం ఇలా. కుర్తీని బల్ల మీద వెల్లకిలా పరిచి, మెడ కింద పాత పేపరు దూర్చండి. మెడ అంచు వెంబడి పెన్సిలుతో గీయండి. పేపరు బయటికి తీసి, ఆ గీతకి రెండు పక్కలా అంగుళం బయటికి ఇంకో గీత గీయండి. కింద మొన దగ్గర కూడా అంగుళం వదలాలి. ఇక పై అంచు ఎక్కడ రావాలో తేల్చుకోండి. గొంతు గుంట కింద రెండు మూడు వేళ్ల దగ్గర పెడితే ఊపిరాడుతుంది, వంగినా తెరుచుకోదు. పేపరు నమూనాని కత్తిరించి ఒంటి మీద పెట్టుకుని చూస్తే ఎక్కువతక్కువలు అక్కడికక్కడే తెలిసిపోతాయి.

ఇప్పుడు బట్టని రెండు పొరలుగా మడిచి, మడత పై అంచుకి వచ్చేలా నమూనా పెట్టి కత్తిరించండి. మడతే అంచవుతుంది కాబట్టి అక్కడ కుట్టు కనిపించదు, రెండు పొరలు కాబట్టి లోపల ఏమీ కనిపించదు. బట్ట పోగు పై అంచుకి సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా కోస్తే నాలుగు రోజులకే సాగి వేలాడుతుంది. ఈ పై అంచు, మెడలో అది నింపాల్సిన ఖాళీకన్నా పావంగుళం తక్కువ ఉండేలా బటన్లు పెట్టుకోండి. అప్పుడు మెడ రెండు వైపులా కొద్దిగా దగ్గరికి వచ్చి ఒంటికి ఆనుకుని ఉంటుంది. ముక్క ఉన్నా వంగితే లోపలికి కనిపిస్తోందని బాధపడేవాళ్లు ముందు ఈ పావంగుళమే చూసుకోవాలి.

మిగిలిన అంచులు మడిచి కుట్టి, టిచ్ బటన్లు పెట్టండి: పై మూలల్లో రెండు, రెండు పక్కల మధ్యలో ఒక్కొక్కటి, కింద మొన దగ్గర ఒకటి. టిచ్ బటన్‌లో రెండు భాగాలుంటాయి. బుడిపె ఉన్నదాన్ని ముక్కకి కుట్టి, గుంట ఉన్నదాన్ని కుర్తీ లోపలి పట్టీకి కుట్టండి. ముక్క లేకుండా కుర్తీ వేసుకున్న రోజు బుడిపెలు ఒంటికి గుచ్చుకోవు. సూది పట్టీలోంచి మాత్రమే పోవాలి, పై బట్ట మీద దారం చుక్క కూడా కనిపించకూడదు.

గుండ్రటి మెడకి కూడా ఇదే పద్ధతి. చతురస్రం మెడకైతే ఇంకా సులువు, ఒక పట్టీ లాంటి ముక్క చాలు. దానికి పాత చీర అంచు వేస్తే ఎంత అందంగా ఉంటుందో చేసి చూడండి.

లోపల వేసుకునేవి

కుట్టడానికి తీరిక లేని రోజు స్లిప్ ఉంది. కానీ తిరుపతి ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో గంగజాతర జనంలో నిలబడినవాళ్లకి తెలుసు, ఒంటి మీద ఒక పొర ఎక్కువైతే ఎంత బరువో. కాబట్టి నైలాను, శాటిన్ స్లిప్పుల జోలికి పోవద్దు. నూలు గానీ, కొంచెం లైక్రా కలిసిన నూలు గానీ తీసుకోండి. నడుము దాకా వచ్చే పొడుగు స్లిప్ కన్నా ఛాతీ కింద ఆగిపోయే పొట్టి స్లిప్ ఎండాకాలానికి హాయి. కప్పాల్సిన చోటే రెండు పొరలుంటాయి, పొట్ట దగ్గర గాలి ఆడుతుంది.

తెల్ల కుర్తీ కింద తెల్ల స్లిప్ వేసుకోవడం చాలామంది అలవాటు. ఎండలోకి వెళ్లగానే ఆ తెలుపు గీతలతో సహా బయటికి కనిపిస్తుంది. మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్న గోధుమ రంగు, చామన ఛాయ స్లిప్ వేసుకోండి. తెల్ల బట్ట కింద అదే కనపడదు. ముదురు రంగు బట్టల కింద నలుపు ఒక్కటి చాలు. మెడ దగ్గర స్లిప్ కావాలనే కనిపించేలా వేసుకుంటే మాత్రం కుర్తీలో ఉన్న రంగుల్లో ఒకటి ఎంచుకోండి, అప్పుడు లోపలిది బయటపడినట్టు ఉండదు.

ఇంట్లో ఉన్న స్లిప్ ముందు మెడ కూడా లోతుగానే ఉందా? తిరగేసి వేసుకోండి. డార్ట్‌లు, కప్పులు లేని మామూలు స్లిప్పుల్లో వెనక మెడ ఎక్కువగా ముందుకన్నా పైకి ఉంటుంది. వెనక్కి ముందుకి మార్చి తొడుక్కుంటే సరిపోతుంది, డబ్బు ఖర్చు లేదు. స్ట్రాప్‌లు పొడుగైతే భుజం దగ్గర ఒక మడత వేసి కుట్టండి.

అంటించుకునే టేపులు మన ఊరికి నప్పవు. చెమట పట్టగానే ఊడిపోతాయి, కొంతమందికి దద్దుర్లు కూడా వస్తాయి.

చున్నీ నిలవాలంటే

చున్నీ జారడానికి రెండు కారణాలు. ఒకటి బట్ట: షిఫాను, జార్జెట్ జారతాయి, నూలు పట్టుకుని ఉంటుంది. కొండకి వెళ్లే రోజు నూలు చున్నీ తీసుకోండి. రెండోది పిన్నీసు పెట్టే చోటు. చాలామంది భుజం మీద పల్చటి బట్టకి పిన్ను గుచ్చుతారు. క్యూలో ఎవరి చెయ్యో తగిలి లాగితే చున్నీ చిరుగుతుంది, కుర్తీ చిరుగుతుంది. పిన్నుని భుజం కుట్టులోంచి గుచ్చండి. అక్కడ బట్ట మూడు నాలుగు పొరలుంటుంది, లాగినా ఆగుతుంది. పిన్నుకి ముందు ఒక చిన్న పూస ఎక్కించి తర్వాత గుచ్చితే, పిన్ను వంపులో చుట్ట ఉన్న చోట బట్ట ఇరుక్కుని పోగులు లేవదు. జరీ చున్నీలకి ఇది తప్పనిసరిగా చేయండి.

రెండు భుజాల మీద వేసుకునేవాళ్లు చున్నీ మధ్యభాగాన్ని గొంతు గుంట కిందికి తెచ్చి, ముందు ఒక భుజానికి పిన్ను పెట్టి, వంగి చూసి, తర్వాత రెండో భుజానికి పెట్టండి. నిటారుగా నిలబడి రెండూ పెట్టేస్తే వంగినప్పుడు మధ్యలో గోనెసంచిలా వేలాడుతుంది. ఒక భుజం మీద కుచ్చెళ్లుగా వేసుకుంటే ముందు మెడ సగమే మూసుకుంటుంది. కాబట్టి దానికి లోపల ముక్కో స్లిప్పో ఉండాల్సిందే. మెట్లెక్కేటప్పుడు చున్నీని ఛాతీ మీంచి ఏటవాలుగా తెచ్చి నడుము పక్కన ముడెయ్యండి, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే ఉన్నా అక్కడా ఇదే హాయి.

ఓణీకి భుజం మీద ఒక పిన్ను సరిపోదు. భుజం మీద ఒకటి, చంక కింద రవిక పక్క కుట్టులో ఒకటి, నడుము దగ్గర లంగా పట్టీకి ఒకటి పెట్టండి. చంక కింద పెట్టే పిన్నే పక్కనుంచి కనిపించకుండా కాపాడేది. మొదటిసారి ఓణీ వేసుకునే పిల్లలకి ఇది పెద్దవాళ్లు పెట్టి చూపించాలి. పెళ్లిలో పదిమంది ముందు "పైట సర్దుకో" అని గదమాయించే బదులు, ఇంట్లోనే నింపాదిగా పిన్ను పెట్టి, "నీకు హాయిగా ఉందా, గుచ్చుకుంటోందా?" అని అడిగితే ఆ పిల్ల రోజంతా నవ్వుతూ తిరుగుతుంది. మెడ ఎంత పైకి కావాలో కూడా దాన్నే చెప్పనివ్వండి.

పైన ష్రగ్గో పొడుగు కోటో వేసుకునేవాళ్లకి ఒక మాట. ముందు తెరిచి ఉండే కోటు పక్కల్ని కప్పుతుంది గానీ మెడని కప్పదు. మెడ కింద ఒక హుక్కు, దానికి నాలుగు వేళ్ల కింద ఇంకో హుక్కు పెట్టించండి. కింద తెరిచి వదిలేయొచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ నూలు బట్టతో చేతుల్లేని పొడుగు కోటు కుట్టించుకుంటే ఎండలోనూ వేసుకోవచ్చు. వెదురు పుల్లతో చేత్తో ఆ బొమ్మలు వేసే ముందు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు, రంగు పాకకుండా ఉండటానికి. అంత కష్టపడి చేసిన బట్టని మొదటి ఉతుకులు విడిగా ఉతికి నీడలోనే ఆరేయండి. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తు. చలికాలం తెల్లవారుజామున సుప్రభాత వేళ అక్కడ వణుకు పుడుతుంది. ఆ రోజుల్లో నిండు చేతుల కోటు ఒకటి సంచిలో పెట్టుకోండి, చలికీ మెడకీ రెండింటికీ పనికొస్తుంది.

చీర రవికలు

లోతు మెడ రవిక మీద పమిట నిలవాలంటే కుచ్చెళ్లు నాలుగైదు అంగుళాల వెడల్పుతో పెట్టి, మెడకి దగ్గరగా, భుజం కుట్టులోనే పిన్ను పెట్టాలి. వెంకటగిరి నూలు చీరలు పల్చగా, గాలికి ఎగిరేంత తేలిక. వాటిని ఒంటి పొర పమిటగా వదిలేస్తే రవిక మెడ స్పష్టంగా కనిపిస్తుంది. కుచ్చెళ్లు పెడితే నాలుగైదు పొరలవుతాయి. చెయ్యి పైకెత్తినా జారకుండా కుచ్చెళ్ల లోపలి అంచుని ఛాతీ పక్కన రవికకి ఇంకో చిన్న పిన్నుతో పట్టించండి.

రవికని సరిచేయాలంటే భుజం దగ్గర అరంగుళానికి మించి పట్టే వీలుండదు, డార్ట్‌లు కదిలిపోతాయి. దాని బదులు మెడ చుట్టూ పట్టీ వేయండి. చీరతో వచ్చిన రవిక ముక్కలో అంచు మిగులుతుంది. ఆ అంచులోంచి రెండంగుళాల పట్టీ తీసి మెడ లోపలి వైపు నుంచి కుట్టి పైకి తేలిస్తే, మెడ ఒకటిన్నర అంగుళం పైకొస్తుంది, చీరకీ నప్పుతుంది. వంపు మెడకి అంచుని వంచడానికి అక్కడక్కడ సన్నటి మడతలు పెట్టాలి. వెనక మెడ బాగా లోతుగా, డోరీలతో ఉంటే, ఆ ఆకారంలోనే పేపరు నమూనా తీసి, అదే రంగు నెట్టుకి లైనింగ్ వేసి అతికించండి. లైనింగ్ లేని నెట్టు చెమటకి గుచ్చుకుంటుంది.

తడిసే చోట

దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. పంచమి తీర్థం రోజు తిరుచానూరు పద్మ సరోవరంలో మునగడానికి ఎంత జనం వస్తారో తెలిసిందే. కార్తీకంలో కపిల తీర్థం దగ్గర కూడా అంతే. పొడిగా ఉన్నప్పుడు నిండుగా ఉన్న బట్ట తడిస్తే ఒంటికి అతుక్కుని లోపలున్నదంతా చూపిస్తుంది. స్నానానికి వెళ్లే రోజు లేత రంగులు, పల్చటి వాయిల్ చీరలు వద్దు. ముదురు రంగు గానీ, దట్టమైన ప్రింటు గానీ ఉన్న కొంచెం మందం నూలు బట్ట వేసుకోండి. వెళ్లే ముందు బట్టలో ఒక మూలని నీళ్లతో తడిపి చేతి మీద పరిచి చూడండి. చెయ్యి రేఖలు కనిపిస్తుంటే అది ఆ రోజుకి పనికిరాదు. లోపల ముదురు రంగు స్లిప్ వేసుకోండి, ఒక పెద్ద నూలు తువ్వాలు పొడిగా సంచిలో ఉంచుకోండి. నీళ్లలోంచి రాగానే భుజాల చుట్టూ అదే కప్పుకోవాలి. చున్నీ అయితే అదీ తడిసే ఉంటుంది.

చొక్కాలు, టీషర్టులు

బటన్ల చొక్కాలో రెండో బటనుకీ మూడో బటనుకీ మధ్య తెరుచుకుంటుంది. అక్కడ లోపలి వైపు ఒక టిచ్ బటన్ కుడితే సరి. ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే గౌన్లకి కూడా దాటే చోట ఒకటి పెట్టండి. వీ మెడ టీషర్టుకి కుట్టుపని చేస్తే సాగే బట్ట ముడతలు పడుతుంది, లోపల గుండ్రటి మెడ బనియన్ లాంటిది వేసుకోవడమే మేలు.

కొనేటప్పుడు, కుట్టించేటప్పుడు

రెడీమేడ్ అంగట్లో మెడ చూసే ముందు బట్ట తిరగేసి భుజం కుట్టులో, పక్క కుట్టులో ఎంత మార్జిన్ ఉందో చూడండి. లోపల అంగుళం ఉంటే తర్వాత వదులు చేసుకోవచ్చు, పావంగుళమే ఉంటే వదులు చేసే వీలుండదు. మెడ చుట్టూ అద్దాలు, పూసల వర్కు ఉన్నవాటికి భుజం పట్టడం కష్టం. వర్కు సూదికి అడ్డొస్తుంది. అవి నచ్చితే ముక్క వేసుకోవచ్చో లేదో చూసుకుని కొనండి.

టైలరు దగ్గర "మెడ మరీ లోతు వద్దన్నా" అంటే ఎవరి లెక్క వాళ్లది. అంగుళాల్లో చెప్పండి. టైలర్లు మెడ లోతుని భుజం మీద మెడ మొదలయ్యే చోటినుంచి కిందికి కొలుస్తారు. మీకు సుఖంగా ఉన్న పాత రవికో కుర్తీనో తీసుకెళ్లి, "ముందు మెడ దీని కొలతే పెట్టన్నా, లోపల అంగుళం మార్జిన్ వదులు" అనండి. సగటు ఒళ్లున్నవాళ్లకి ముందు మెడ ఐదున్నర నుంచి ఆరున్నర అంగుళాల మధ్య ఉంటే వంగినా నిండుగా ఉంటుందని నా అనుభవం. ఏడున్నర దాటితే లోపల ఏదో ఒకటి వేసుకోవాల్సిందే. కత్తిరించే ముందే చెప్పాలి సుమా, కత్తెర పడ్డాక భుజం దగ్గర కొద్దిగా పట్టడం తప్ప, మెడని అంతకన్నా పైకి తేవాలంటే అతుకే దిక్కు.

సంచిలో ఎప్పుడూ ఉంచుకోవాల్సినవి: చిన్నవీ పెద్దవీ కొన్ని పిన్నీసులు, రెండు టిచ్ బటన్లు, సూదికి ఎక్కించిన నలుపు దారం, తెలుపు దారం, బటన్లతో తయారుగా ఉన్న ఒక మెడ ముక్క. అరచేతి అంత సంచిలో పట్టేస్తాయి.

ఇంటికొచ్చాక నానబెట్టే ముందు పిన్నీసులన్నీ తీసేయండి. ఒక్కటి మర్చిపోయినా తెల్లారేసరికి భుజం మీద తుప్పు మరక పడుతుంది. తెల్ల నూలు బట్ట మీద పడితే నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పెట్టి, తర్వాత బాగా జాడిస్తే చాలావరకు పోతుంది. రంగు బట్టకైతే ముందు లోపలి మార్జిన్ మీద ఒక చుక్క వేసి, రంగు పోవడం లేదని చూసుకున్నాకే రుద్దండి.